రెండు గంటలకోసారి తినకపోతే కండ కరుగుతుందా? శ్రోతల ప్రశ్నలు, నిపుణురాలి జవాబులు

వ్యాఖ్యాత: తిరిగి స్వాగతం. కండ పెంచుకోవాలని కొత్తగా జిమ్‌లో చేరినవారు పని హడావిడిలో తిండిని ఎలా సర్దుకోవాలన్నది ఈరోజు అంశం. పోషకాహార నిపుణురాలు స్టూడియోలోనే ఉన్నారు. లైనులో ఒక శ్రోత. చెప్పండి.

మొదటి శ్రోత: నమస్కారమండి. మేడం గారికీ నమస్కారం. నేను బండి మీద ఇళ్లకు పార్సిళ్లు చేర్చే పని చేస్తాను. పొద్దున 8 గంటలకు బండెక్కితే దిగేది రాత్రి 8 గంటలకే. జిమ్‌లో చేరి 2 నెలలైంది. బరువు 58 కిలోలు, చేరిన రోజూ అంతే. అక్కడ అందరూ 2 గంటలకోసారి తినకపోతే ఉన్న కండ కూడా కరిగిపోతుందంటున్నారు. అందుకని ఫోనులో అలారం పెట్టుకున్నాను. అది మోగేసరికి ఎవరి గుమ్మం ముందో నిలబడి ఉంటాను. పక్కకు వెళ్లి రెండు ముద్దలు తింటాను, మళ్లీ బయలుదేరతాను...

నిపుణురాలు: ఒక్క నిమిషం బాబూ. నిన్న ఏమేమి తిన్నారో చెప్పండి.

మొదటి శ్రోత: నిన్ననా? పొద్దున టీ తాగి బయలుదేరాను. 10 గంటలకు 2 బిస్కెట్లు. 12 గంటలకు డబ్బాలో సగం. తర్వాత ఒక అరటిపండు. సాయంత్రం మిగతా సగం తిందామని మూత తీస్తే పులిసిన వాసన కొట్టింది. పారేయడానికి మనసొప్పక తినేశాను. రాత్రి జిమ్ నుంచి వచ్చాక ఓపిక లేక...

నిపుణురాలు: ఆగండి, ముందు ఆ డబ్బా సంగతి. వండిన అన్నం చల్లదనం లేని చోట 2 గంటలకు మించి ఉండకూడదు. ఎండ మండిపోతుంటే గంటకు మించి వద్దు. అందులో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వాసన రాకపోయినా సరే, సమయం దాటితే పారేయండి. అన్నం మీద జాలి పడి కడుపు పాడుచేసుకోకండి.

మొదటి శ్రోత: అలాగేనండి. మరి 2 గంటలకోసారి తినకపోతే కండ...

నిపుణురాలు: కరగదు. మాంసకృత్తులున్న భోజనం నిండుగా చేస్తే అది అరిగి రక్తంలోకి చేరడానికే కొన్ని గంటలు పడుతుంది. మీరు బరువులెత్తిన తర్వాత ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు, కండ కట్టే పని లోపల సాగుతూనే ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టినవారిలో అది ఇంకా బాగా సాగుతుంది. మధ్యలో 4 గంటలు తినకపోయినంత మాత్రాన ఏమీ పోదు. ఎక్కువసార్లు తినమనడంలో నిజం ఒక్కటే: కావలసినంత ఒకేసారి కడుపులో పట్టదు కాబట్టి విడదీసుకుంటాం. లెక్క ఎప్పుడూ రోజు మొత్తానిదే.

మొదటి శ్రోత: అంటే 3 గంటలకోసారి తినమంటారా?

నిపుణురాలు: గంటలు వదిలేయమన్నాను కదా బాబూ! (ఆగి) సరే, కాగితం ఉంటే రాసుకోండి. కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు. మీ 58 కిలోలకు 93 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములకు పైగా ఉంటాయి. పొద్దున బండెక్కేముందు 3 ఉడికించిన గుడ్లు, ఒక పెద్ద గ్లాసు పాలు తీసుకుంటే 26 గ్రాములు అక్కడే వచ్చేస్తాయి. మీ రోజులో అన్నింటికన్నా ఖాళీగా ఉన్నది ఆ పొద్దుటి పూటే, మీరేమో దాన్ని టీతో సరిపెడుతున్నారు.

మొదటి శ్రోత: పొద్దున ఆకలి వేయదండి.

నిపుణురాలు: వారం రోజులు పాలు, ఒక గుడ్డుతో మొదలుపెట్టండి, ఆకలి అలవాటవుతుంది. మధ్యాహ్నం ఒక అరగంట బండి ఆపి, పొద్దుటి డబ్బా కాకుండా అప్పుడే వండింది దొరికే చోట కూర్చుని, కడుపునిండా తినండి. ఉడికిన కోడిమాంసం 100 గ్రాములైతే 30 గ్రాముల దాకా మాంసకృత్తులు. పప్పయితే చిక్కగా ఉండాలి, గరిటెడు కాదు, పెద్ద గిన్నెడు. సాయంత్రానికి పాడవనివి సంచిలో పెట్టుకోండి. గుప్పెడు వేరుశనగపప్పు, అరటిపండు, తెరవని పాల ప్యాకెట్టు, ఫ్రిజ్ లేకుండానే నిలవ ఉండే రకం. మూడూ కలిపితే సుమారు 400 కేలరీలు, నిలబడి 5 నిమిషాల్లో అయిపోతుంది. రాత్రి జిమ్ తర్వాత మళ్లీ నిండు భోజనం. ఓపిక ఉండదన్నారు కదా, అందుకే ఆ వంట పొద్దున్నే చేసి ఫ్రిజ్‌లో పెట్టి రండి.

మొదటి శ్రోత: అయితే 4 సార్లు. సాయంత్రం పార్సిళ్లు ఎక్కువై ఒకటి తప్పిపోతే?

నిపుణురాలు: రాత్రి కొంచెం ఎక్కువ తినండి. రోజు మొత్తం లెక్క, అంతే. నెల రోజులకు బరువు చూసుకోండి. 1 కిలో లోపు పెరిగితే దారిలోనే ఉన్నట్టు. అసలు కదలకపోతే పొద్దుటి పూటకు ఇంకో 200 కేలరీలు కలపండి. 12 గంటలు రోడ్డు మీద తిరిగే మనిషి మీరు, మీ తిండికి ఒక అరగంట మీకు హక్కుగా ఉండాలి. మొహమాటపడకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి శ్రోత.

రెండో శ్రోత: నేను నర్సునండి. వారం పగలు, వారం రాత్రి డ్యూటీ. నా భోజనాలు ఏ లెక్కన పెట్టుకోవాలి?

నిపుణురాలు: గడియారాన్ని వదిలేసి మీ మెలకువను బట్టి పెట్టుకోండమ్మా. లేచిన గంటలో ఒకటి, డ్యూటీకి వెళ్లేముందు ఒకటి, డ్యూటీ మధ్యలో తేలికగా ఒకటి, పడుకునేముందు ఒకటి. మధ్యలోది రోగుల పిలుపులకు ఆగిపోతుందని మీకూ తెలుసు, అందుకే దాన్ని చిన్నదిగా ఉంచి బరువంతా ముందు వెనకల మీద వేయండి. ఎన్ని చేసినా నిద్ర 7 గంటలకన్నా తగ్గితే కండ సరిగా కట్టదు.

వ్యాఖ్యాత: మరొకరు.

మూడో శ్రోత: ప్రొటీన్ పొడి లేకుండా కుదరదా మేడం?

నిపుణురాలు: కుదురుతుంది. తినే తీరిక లేని పూటకు అదొక సులువు మాత్రమే, మందు కాదు. డబ్బాతో వచ్చే పెద్ద కొలత చెంచాడు పొడిలో సుమారు 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. దానికోసం భోజనం మానేస్తే నష్టమే.

వ్యాఖ్యాత: ఇంకొకరు ఉన్నారు. త్వరగా అడగండి.

నాలుగో శ్రోత: మా నాన్నగారికి 52 ఏళ్లండి. నాతో పాటు జిమ్‌కు వస్తున్నారు. మూత్రపిండాల్లో కొంచెం తేడా ఉందని ఆ మధ్య పరీక్షలో చెప్పారు. నేను తినేదే ఆయనకూ పెట్టవచ్చా?

నిపుణురాలు: వద్దు. ఈ కార్యక్రమంలో చెప్పిన అంకెలేవీ ఆయనకు వర్తించవు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు ఎంత తినాలో వారిని చూసే డాక్టరే చెప్పాలి. రేపే ఆ పరీక్ష కాగితాలు తీసుకుని వెళ్లండి. అప్పటిదాకా ఆయనకు పొడి గానీ, అదనపు గుడ్లు గానీ పెట్టకండి. వింటున్నారా?

నాలుగో శ్రోత: వింటున్నానండి. నిన్నటి నుంచి పొడి ఇస్తున్నాను...

నిపుణురాలు: ఈరోజే ఆపేయండి. కంగారు పడవద్దు, కానీ ఆపేయండి. ఎన్నిసార్లు ఇచ్చారో, ఎంత ఇచ్చారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.

వ్యాఖ్యాత: ఆఖరి కాల్. అర నిమిషమే ఉంది.

ఐదో శ్రోత: రాత్రి 10 గంటలకు జిమ్ నుంచి వస్తాను. అప్పుడు తింటే కొవ్వు పడుతుందా?

నిపుణురాలు: పడేది రోజంతా అవసరానికి మించి తింటేనే. తినే పడుకోండి, మరీ కడుపు బరువెక్కేలా కాకుండా. పొద్దున వండిన అన్నమైతే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టిందేనా కాదా చూసి...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది మేడం. ధన్యవాదాలు. శ్రోతలకు సెలవు.