జెర్సీ ఖాతాలో దొరికిపోయిన మేయర్

మిత్రులారా, "దోచుకుంటే దోచుకున్నాడు, పని మాత్రం చేస్తాడు." బ్రెజిల్‌లోని సావోపాలో నగరంలో పౌలో మలూఫ్ గురించి జనం అనుకునే మాట ఇది. 1969లో సైనిక పాలకులు ఆయన్ని మేయర్‌గా కూర్చోబెట్టారు. 1979లో సావోపాలో రాష్ట్రానికి గవర్నరయ్యారు. 1985 జనవరిలో అధ్యక్ష పదవికి పోటీచేసి, ఎన్నికల మండలిలో 180–480 ఓట్లతో టాంక్రెడో నెవెస్ చేతిలో ఓడారు. 1993లో మళ్లీ మేయర్, ఈసారి జనం ఓట్లతోనే. కొంప ముంచింది ఆ నాలుగేళ్లే.

అప్పుడు ఆగ్వా ఎస్ప్రయాడా అనే పెద్ద రోడ్డు వేయించారు. ఉపగుత్తేదార్లు చేయని పనికి బిల్లులు పెట్టారు. అందులోంచి తీసిన లంచం సొమ్ము మన హవాలా వ్యాపారుల్లాంటి వాళ్ల చేతులమీదుగా న్యూయార్క్‌లోని 'చనానీ' అనే ఖాతాకు, అక్కడినుంచి జెర్సీ దీవిలో, మలూఫ్ కుటుంబం చేతిలోని డ్యూరంట్ అనే కంపెనీ ఖాతాకు చేరింది. తనకు విదేశాల్లో డబ్బే లేదని మలూఫ్ చెబుతూనే వచ్చారు.

బ్రెజిల్ ప్రభుత్వం, సావోపాలో నగరపాలక సంస్థ జెర్సీలో దావా వేసి 1.05 కోట్ల డాలర్లు అడిగాయి. డ్యూరంట్ తరఫు లాయర్ల వాదన గట్టిదే: చనానీ ఖాతాలో చివరి మూడు లంచాలు పడింది జెర్సీకి ఆఖరి చెల్లింపు వెళ్లిపోయాక. వెనకొచ్చిన డబ్బు ముందెలా పోతుంది? కాబట్టి బాకీ 77 లక్షలే అన్నారు. 2015 ఆగస్టు 3న జెర్సీ కేసులకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. పొద్దున చేబదులు తెచ్చి స్థలం కొని, సాయంత్రం లంచం సొమ్ముతో ఆ బదులు తీర్చేస్తే, స్థలం లంచంతో కొన్నట్టే కదా! అంతా ఒకే పథకంలో భాగమని తేలితే, జమ ముందా ఖర్చు ముందా అన్నది అడ్డం కాదని తేల్చింది. దొంగ సొమ్ము వెతికేవాళ్లందరికీ ఈ తీర్పు పెద్ద ఆయుధం.

సొంతగడ్డపై శిక్ష పడటానికి మాత్రం ఇరవై ఏళ్లు పట్టింది. బ్రెజిల్ శిక్షాస్మృతిలో, తీర్పునాటికి 70 దాటినవాళ్లకు కేసు కాలపరిమితి సగమైపోతుంది. అందుకే లంచం అభియోగం మురిగిపోయింది. నాకు అన్యాయంగా తోచేది ఇదే: వాయిదాలు లాగే స్తోమత ఉన్నవాడికి వయసే కవచం. మనీ లాండరింగ్ కేసు మాత్రం నిలిచింది. సొమ్ము దాచి ఉంచినంతకాలం నేరం సాగుతున్నట్టేనని 2017 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. 7 ఏళ్ల 9 నెలల 10 రోజుల శిక్ష వేసింది.

డిసెంబర్ 20న, 86 ఏళ్ల వయసులో, లొంగిపోయారు. మూడు నెలలకే అనారోగ్యం కారణంగా ఇంటికి పంపారు, గృహనిర్బంధంలో. అప్పటికీ ఎంపీయే, ఆ సభ్యత్వం 2018 ఆగస్టులో పోయింది.