చీమలు పాకినట్టుంది డాక్టరు గారూ

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఐదు అక్కడే పోతాయి. కాబట్టి ప్రిన్సిపాల్ గారితో మొదలుపెట్టి మైకు పట్టుకున్న అబ్బాయి దాకా అందరికీ కలిపి ఒకే నమస్కారం. 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పినవాణ్ణి. అటెండెన్సు పిలవడం అలవాటైపోయింది, ఇవాళ ఆపుకుంటున్నాను.

బ్యానరు మీద "ఇటలీలో ఇంగ్లీషు మీడియం మెడిసిన్: అవకాశాలు" అని రాశారు. నేను డాక్టర్ని కాను, కన్సల్టెంటునూ కాను. మా అమ్మాయి పావియాలో ఆరేళ్ళు చదివి 2023లో బయటికొచ్చింది. నాకున్న అర్హత అదొక్కటే.

పావియా మిలాన్‌కి దక్షిణంగా 35 కిలోమీటర్లు. చిన్న ఊరు. టిచీనో నది, దాని మీద పైకప్పున్న వంతెన. యూనివర్సిటీ పెట్టింది 1361లో. తెలుగు మాస్టారికి ఆ సంవత్సరం చెప్తే ఊరుకుంటాడా? అప్పటికి మన దగ్గర కొండవీటి రెడ్డి రాజులు ఏలుతున్నారు. మన అద్దంకిలో ఎర్రన అరణ్యపర్వం పూర్తి చేసి ఎంతో కాలం కాలేదు. అక్కడ అప్పుడు మొదలైన చదువు ఇంకా నడుస్తోంది. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా అక్కడ ఫిజిక్సు చెప్పాడు. స్కార్పా అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త తలకాయను ఇప్పటికీ మ్యూజియంలో భద్రపరిచి ఉంచారు. మా ఆవిడ అది చూసి రెండు పూటలు అన్నం తినలేదు.

ఇంకో మనిషి గోల్జీ. 1873లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేస్తూ, వంటగదినే ల్యాబ్ చేసుకుని, సిల్వర్ నైట్రేటుతో నరాల కణాలకు నల్లరంగు పట్టించాడు. అంతవరకూ మెదడును మైక్రోస్కోపు కింద పెడితే అంతా చిక్కుపడ్డ నూలులా కనిపించేదట. ఈయన పద్ధతితో ఒక్కో కణం కొమ్మలతో సహా విడిగా కనబడింది. 1906లో నోబెల్ వచ్చింది. బైపీసీ పిల్లలకు గోల్జీ బాడీస్ అంటే రెండు మార్కుల ప్రశ్న, నాకు తెలుసు. ఆ గోల్జీ ఈయనే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. పావియాలో మెడిసిన్ కోర్సులు రెండు. ఇటాలియన్‌లో చెప్పేదాని పేరు గోల్జీ. ఇంగ్లీషులో చెప్పేదాని పేరు హార్వే. ఈ రెండోది 2009లో మొదలైంది. హార్వే అంటే రక్త ప్రసరణ కనిపెట్టిన విలియం హార్వే, ఇంగ్లీషువాడు. ఆయన చదివింది కూడా ఇటలీలోనే, పాదువా అనే ఊళ్ళో. 1602లో పట్టా తీసుకున్నాడు. ఏ భాషలో చదివాడంటారు? లాటిన్‌లో! ఇంగ్లీషువాడు ఇటలీ వెళ్ళి లాటిన్‌లో చదువుకున్నాడు. ఒంగోలు పిల్ల ఇటలీ వెళ్ళి ఇంగ్లీషులో చదువుకుంది. ఇటలీ ముసలమ్మకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ కడుపునొప్పి వస్తే తన భాషలోనే వస్తుంది.

ఈ ముక్క మాకు ముందు ఎవరూ చెప్పలేదు. 2017లో మా దగ్గరికొచ్చిన ఏజెంటు "భాషతో పనే లేదు మాస్టారూ, అంతా ఇంగ్లీషే" అన్నాడు. ఆ మాటకే నా పీఎఫ్‌లోంచి డబ్బు తీసిచ్చాను. తర్వాత తెలిసింది, యూనివర్సిటాలీ అని అక్కడి ప్రభుత్వ పోర్టల్ ఉంది, ప్రవేశ పరీక్షకు పేరు నమోదు అందులో మనమే చేసుకోవచ్చు. ఆయన చేసింది నెట్ సెంటర్ కుర్రాడు చేసే పనే. పోనీలెండి, పోయిన డబ్బు గురించి మాట్లాడితే బీపీ పెరుగుతుంది.

పరీక్ష గురించి చెప్పమన్నారు, చెప్తాను. ఇంగ్లీషు మెడిసిన్ కోర్సుకు అక్కడి ప్రవేశ పరీక్ష, ఐమ్యాట్ అంటారు. మా అమ్మాయి రాసినప్పుడు 60 ప్రశ్నలు, 100 నిమిషాలు. ఒప్పుకు ఒకటిన్నర, తప్పుకు 0.4 కోత, వదిలేస్తే సున్నా. మన పిల్లలకు వదిలెయ్యడం చేతకాదు. ఏదో ఒకటి గీకి వస్తారు. అక్కడ అది కుదరదు. మనలాంటి బయటి దేశాలవాళ్ళకు సీట్లు వేరే ఉంటాయి, కొన్నే. ఫీజు ఇంటి ఆదాయాన్ని బట్టి, ఆస్తిని బట్టి. అందుకని ఆదాయ ధ్రువపత్రం కోసం తహశీల్దారు ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో, అది ఇంకో ప్రసంగం. రూల్స్ మారుతుంటాయి, ఏ ఏటికాయేడు యూనివర్సిటీ సైటులో మీరే చూసుకోండి. నన్ను అడగొద్దు, ఏజెంటునూ అడగొద్దు.

దిగిన ఎనిమిది పనిదినాల్లో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. పోస్టాఫీసులో ఒక కిట్ ఇస్తారు, నింపి అక్కడే ఇవ్వాలి. కౌంటర్లో ఆవిడకు ఇంగ్లీషు రాదు. మా అమ్మాయికి ఇటాలియన్ రాదు. మొదటి వారమే అర్థమైందట, క్లాసురూము గుమ్మం దాటితే ఇంగ్లీషు కూడా దాటిపోతుందని.

పరీక్షలు చాలావరకు నోటితోనే. 30కి 18 వస్తే పాసు. విచిత్రమేమిటంటే మార్కులు నచ్చకపోతే వద్దనొచ్చు, మళ్ళీ రాయొచ్చు. మా పిల్లకు ఒకసారి 22 వేసి "ఒప్పుకుంటావా?" అని ప్రొఫెసర్ అడిగారు. మాస్టారు వేసిన మార్కును కాదనొచ్చని మన పిల్లలకు తెలుస్తుందా? థాంక్యూ చెప్పి వచ్చేసింది. ఆ రాత్రి ఫోన్లో ఒకటే ఏడుపు.

మూడో ఏడులో వార్డుకు పంపారు. ఎనభై దాటిన ఒక పెద్దావిడ కాళ్ళు చూపించి "ఫోర్మికోలియో" అందట. మా పిల్ల అలా చూస్తూ నిలబడిపోయింది. ఆవిడ మళ్ళీ అంది, చేతివేళ్ళతో మోకాలి కింద నుంచి పాదం దాకా గబగబా నడిపించి చూపించింది. అయినా అర్థం కాలేదు. బయటికొచ్చి ఫోన్లో డిక్షనరీ చూసింది. ఫోర్మికా అంటే చీమ. చీమలు పాకినట్టుంది అంటోంది ఆవిడ.

మనకు తెల్లవారుజామున మూడు. ఫోన్ మోగితే గుండె ఆగినంత పనయింది. "నాన్నా, నాయనమ్మ కాళ్ళ గురించి ఏమనేది?" అంది. చీమలు పాకుతున్నాయనేది అన్నాను. అవతల చాలాసేపు మాటలేదు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఇది మీకు చెప్పకుండా ఇంటికి పోలేను.

మా అమ్మకు షుగరు. కాళ్ళలో చీమలు పాకుతున్నాయని ఏడాది పైన చెప్పింది. ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఏ ఊరో, ఏ ఆసుపత్రో చెప్పను. డాక్టరు మన తెలుగు కుర్రాడే, మంచి చదువు. "అమ్మా, నంబ్‌నెస్ ఉందా, టింగ్లింగ్ ఉందా?" అన్నాడు. మా అమ్మ "లేదు బాబూ" అంది. ఉందో లేదో ఆమెకేం తెలుసు? "చీమలు పాకుతున్నాయయ్యా" అంది. అతను నవ్వి, "ఇంట్లో చీమల మందు చల్లించండి మాస్టారూ" అన్నాడు. నేనూ నవ్వాను. అది మర్చిపోలేను, నేనూ నవ్వాను. ఐదు నెలలకు వేడి నీళ్ళ తపేలా పాదానికి తగిలితే ఆమెకు తెలియలేదు. పుండు పడింది. రెండు వేళ్ళు తీసేశారు.

పుస్తకంలో దాన్ని పారెస్థీషియా అంటారని మా అమ్మాయి చెప్పింది. పావియాలో ఏ ముసలమ్మా ఆ మాట అనదు. ఒంగోలులోనూ అనదు. ఇద్దరూ చీమలే అంటారు. ఒకరి ఊరు ఒకరికి తెలియదు, అయినా ఇద్దరి కాళ్ళలోనూ అవే చీమలు.

పిల్లలూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. పోటుకూ సలుపుకూ తేడా చెప్పండి. తీపు అంటే ఏమిటి? కాళ్ళ తీపులు. స్వీటు అని నవ్వుతున్నారా, సరే. నులినొప్పి ఎక్కడొస్తుంది? కడుపులో దేవినట్టుంది అంటే వాంతికి ముందా, ఆకలికి ముందా? చెయ్యెత్తండి. ఒక్కరూ లేరా? వెనక వరసలో ఆకుపచ్చ చీరలో ఉన్నావిడ నవ్వుతున్నారు, ఆమెకన్నీ తెలుసు. మీరు రేపు ఎంబీబీఎస్ గుంటూరులో చదివినా, కజకిస్తాన్‌లో చదివినా, పావియాలో చదివినా మీ ముందుకొచ్చి కూర్చునేది ఆవిడే.

టైమైందని చీటీ పంపారు. రూల్స్ చెప్పమని కూడా అందులోనే రాశారు, రెండూ ఒకే చీటీలో. త్వరగా చెప్తా. బయటికి వెళ్ళాలంటే నీట్ అర్హత ఉండాలి. మన జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, ఇంగ్లీషు మాధ్యమం కావాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ కావాలి. అక్కడి శిక్షణ ఈ లెక్కకు సరిపోతుందో లేదో వెళ్ళేముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలంటే స్క్రీనింగ్ పరీక్ష, 300కి 150 రావాలి. అక్కడే ఉంటే చివర్లో మూడు నెలలు ప్రాక్టికల్ శిక్షణ, అందులో ఒక నెల ఫ్యామిలీ డాక్టరు దగ్గర. స్పెషలైజేషన్ పరీక్ష 140 ప్రశ్నలు, అన్నీ ఇటాలియన్‌లోనే. ఏజెంట్ల కరపత్రంలో ఈ చివరి వాక్యం కోసం వెతకండి, కనబడితే నాకు చూపించండి.

పట్టా రోజు మేమిద్దరం వెళ్ళాం. అక్కడ తలకు లారెల్ ఆకుల కిరీటం పెడతారు. మా ఆవిడ వాసన చూసి "ఏమండీ, ఇది బిర్యానీ ఆకు కదా" అంది. అదే కాదుగానీ అదే కుటుంబపు చెట్టట. ఆ కిరీటం మా పూజగదిలో ఉంది, ఇప్పటిదాకా పలావులో పడకుండా కాపాడుకొచ్చాను.

దాంతో పాటు ఇంకోటి తెచ్చాను, ఇదిగో, ఈ నోటుబుక్కు. వార్డులో ఆ రోజు నుంచి మా అమ్మాయి రాసుకున్నది. పేజీకి మూడు గళ్ళు. ఇటాలియన్, తెలుగు, ఇంగ్లీషు. ఫిత్తా అంటే పోటు. బ్రుచోరే అంటే మంట. ఇంగ్లీషు గడి చాలాచోట్ల ఖాళీ. కొన్నిచోట్ల తెలుగు గడి కూడా ఖాళీ, వాటిని నింపమని నాకిచ్చింది. నాకూ కొన్ని రావడం లేదు. మగోనే అని ఒక మాట ఉంది. ఏడుపు రాదు, గుటక పడదు, గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టుంటుంది. దానికి మన పల్లెల్లో ఒకే మాట ఏదో ఉండేది. మా అమ్మ అనేది. గుర్తు రావడం లేదు.

ఆ బల్ల మీద తెల్లకాగితాలు, పెన్నులు పెట్టించాను. తెలిసినవాళ్ళు రాసి ఇవ్వండి, మీ ఊరి పేరు కూడా రాయండి. ఆకుపచ్చ చీరమ్మా, మీరు రాయకుండా వెళ్ళొద్దు. టీ వచ్చినట్టుంది.