‘రానక్కర్లేదు’కీ ‘రానక్కర్లేదులేరా’కీ మధ్య

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తక పఠనం గొప్పతనం గురించి మాట్లాడతాననుకుని ఉంటారు. అది మీరు ఏటా వింటున్నదే. నేను వాట్సాప్ గురించి మాట్లాడతాను. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక నేను ఎక్కువగా చదువుతున్న సాహిత్యం అదే మరి.

రెండేళ్ళ కిందట మా అమ్మకి కంట్లో శుక్లం తీయించాం. మా తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. ‘నేను రావాలా అక్కా?’ అని మెసేజ్ పెట్టాడు. అప్పుడు నేను ఆసుపత్రిలో బిల్లు కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి ఉన్నాను. ఒక చేతిలో ఫైలు, భుజాన సంచి. ‘నువ్వు రానక్కర్లేదు’ అని కొట్టి, ఫోను సంచిలో పడేశాను. చిన్న ఆపరేషనే కదా, అంత డబ్బు పోసి టికెట్టు కొనుక్కుని, సెలవు పెట్టుకుని పరిగెత్తుకు రావడం దేనికి, నేనున్నానుగా అని నా ఉద్దేశం. సాయంత్రానికి జవాబొచ్చింది. ‘సరే. మీ ఇష్టం.’

పుట్టినప్పట్నుంచీ నన్ను ‘నువ్వు’ అనేవాడు ‘మీ’ అన్నాడు. ఆ ‘మీ’ అంటే నేనూ అమ్మానా, లేకపోతే నన్నే బయటివాళ్ళలో కలిపేశాడా? ‘సరే’ పక్కన ఆ చుక్క ఒకటి. మా ఇంట్లో చుక్కలు పెట్టి రాసేవాళ్ళు ఎవరూ లేరు, నేను తప్ప. నాలుగు రోజులు మాటల్లేవు.

ఆ నాలుగు రోజులూ నా మెసేజ్ నేనే పదిసార్లు చదువుకున్నాను. తప్పు కనిపించలేదు. ఐదోసారో ఆరోసారో పైకి అని చూశాను. నోటితో అయితే నేను ‘రానక్కర్లేదు’ అననే అనను. ‘రానక్కర్లేదులేరా’ అంటాను. లే, రా. పోయినవి రెండే రెండు అక్షరాలు. కాని నా ప్రేమంతా ఆ రెంటిలోనే ఉంది. అవి లేకపోయేసరికి మిగిలింది హుకుం.

మన భాషలో గొంతు మాట తోకలో ఉంటుంది. ‘వస్తావా’ అంటే అడగడం. ‘వస్తావుగా’ అంటే వస్తావన్న నమ్మకం, అందులోనే కాస్త బతిమాలడం. ‘వస్తావటగా’ అంటే ఊరంతా తెలిసింది, నాకొక్కదానికే చెప్పలేదన్న నిష్ఠూరం. ‘వస్తావులే’ అంటే, అబ్బే, నువ్వు రావని నాకు తెలుసు. వెళ్ళేదీ వచ్చేదీ అదే మనిషి, తోక మారితే చాలు, ముఖం మారిపోతుంది. ఫోన్లో మనం మొదట కోసేది ఆ తోకనే. తొందర ఒక కారణం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం ఇంకొకటి. అక్కడ దీర్ఘం ఉందో లేదో చదివేవాళ్ళ దయ. ‘వెళ్ళావా’ అన్నాడో ‘వెళ్ళవా’ అన్నాడో తేల్చుకోవడానికి మళ్ళీ ఫోన్ చేయాలి.

పాతవాళ్ళకీ ఈ ఇబ్బంది ఉండేది. శుభవార్త రాసిన కార్డుకి నాలుగు మూలలా పసుపు పూసేవారు. చావు కబురైతే మూలకి నల్ల సిరా పెట్టేవారు, చదివి గుమ్మం బయటే చించేసేవారు. చదువు రాని మా నాయనమ్మ కూడా పోస్టుమాన్ చేతిలో కార్డు చూసి, ఏడవాలో నవ్వాలో తెలుసుకునేది. ఈమోజీని జపాన్ వాళ్ళ గొప్ప అని పిల్లలంటే నాకు ఆ పసుపే గుర్తొస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని. దూరంగా ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు చివరి అచ్చు ప్లుతమవుతుందన్నాడు, అంటే హ్రస్వానికి మూడింతలు, మూడు మాత్రలు సాగుతుంది. రాతలో దాని పక్కన 3 అంకె వేస్తారు. మా మనవరాలు ‘అమ్మమ్మాాా’ అని దీర్ఘాల మీద దీర్ఘాలు పెట్టి పంపితే నా ఫోన్లో అక్షరాల మధ్య సున్నాలు పడ్డాయి. నువ్వు ప్లుతం పెట్టావే, 3 వేస్తే సరిపోయేదిగా అన్నాను. బ్లాక్ చేస్తానంది.

కంప్యూటర్లోకి నవ్వు ముఖం వచ్చిందీ ఇలాంటి గొడవలోనే. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఎవరో తమాషాకి లిఫ్టులో పాదరసం ఒలికిందని అక్కడి కంప్యూటర్ నోటీసు బోర్డులో రాశారు. కొందరు నిజమనుకున్నారు. జోకుకి గుర్తేదైనా పెట్టుకోవాలని చర్చ నడిచింది. 1982 సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక కోలన్, ఒక గీత, ఒక బ్రాకెట్ కలిపి, తల పక్కకి వంచి చూడండి అన్నాడు. తర్వాతి కథ మీకు తెలుసు.

బొమ్మ ఉంటే గొడవ ఉండదనుకోకండి. చేతులు జోడించిన బొమ్మ మనకి నమస్కారం. ‘నీకో దండం, నన్నొదిలెయ్’ అన్నా అదే బొమ్మ. కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒక రైతుకి అవిసె గింజల కాంట్రాక్టు ఫొటో ఫోన్లో పంపి ఖాయం చేయమంటే, ఆయన బొటనవేలి బొమ్మ పెట్టాడు. కాంట్రాక్టు అందిందని మాత్రమే నా భావం అని ఆయన వాదన. కోర్టు 2023లో అది సంతకంతో సమానమంది. 82 వేల కెనడా డాలర్ల పైచిలుకు కట్టమంది. ఏకలవ్యుడి తర్వాత బొటనవేలికి అంత ఖరీదు పడింది ఆయనకే.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. నాలుగో రోజు అమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుంది. ఫోన్ చూడొద్దన్నారు. ‘తమ్ముడేమన్నాడే?’ అంది. దాచలేక ఇద్దరి మెసేజ్‌లూ చదివి వినిపించాను. నాది విని, ‘ఇందులో తప్పేముంది, బాగానే అన్నావుగా’ అంది. వాడిది చదివాను. ‘వాడలా అనడే. నువ్వలా చదువుతున్నావు’ అంది.

ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టయింది. నాది చదివినప్పుడు నా గొంతు వేశాను, వాడిది చదివినప్పుడు నా కోపం వేశాను. 2005లో అమెరికాలో క్రూగర్, ఎప్లీ అనే పరిశోధకులు మరో ఇద్దరితో కలిసి అచ్చం ఇదే తేల్చారు. కొన్ని వాక్యాలు ఎగతాళిగా, కొన్ని మామూలుగా ఈమెయిల్లో రాయించారు. రాసినవాళ్ళు నూటికి 78 సార్లు అవతలివాళ్ళు సరిగ్గా పోల్చుకుంటారనుకున్నారు. పోల్చుకున్నది 56. బొమ్మాబొరుసూ వేసినా 50 వస్తాయి! నోటితో చెప్పినప్పుడు 73 వచ్చాయి. రాసేటప్పుడు మన చెవిలో మన గొంతు మోగుతూ ఉంటుంది, అది కాగితం మీద పడలేదన్న సంగతి మనకే తెలియదు.

ఆ రాత్రే వాడికి ఫోన్ చేశాను. ‘మీ ఇష్టం’ అంటే అమ్మా నువ్వూ అనే అన్నానక్కా అన్నాడు. మరి చుక్క ఎందుకు పెట్టావురా అంటే, ఫోనే పెట్టింది, స్పేస్ రెండుసార్లు నొక్కితే అదే పడుతుంది అన్నాడు.

మొన్న అమ్మకి రెండో కన్ను. వాడు మళ్ళీ అడిగాడు. ఈసారి జాగ్రత్తగా, తోకతో సహా, ‘రానక్కర్లేదులేరా’ అని పెట్టాను. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. ‘అక్కా, లే అన్నావేంటి? రమ్మనా, వద్దనా?’