చంకలో గడ్డ ఉందా అని కూడా అడగండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలు నన్ను మన్నించాలి, ఈ రోజు నాకు పని ఎదురుగా కూర్చున్న ఆశా కార్యకర్తలతోనే ఉంది.

పిండానికి ఆరో వారం నడుస్తుండగా చంక మొదలు గజ్జ వరకు రెండు వైపులా రొమ్ములు పుట్టే పాలగీత ఏర్పడి, ఛాతీ దగ్గర తప్ప మిగిలిన చోట్ల క్రమంగా కరిగిపోతుంది. కొందరిలో అది పూర్తిగా కరగక, ఎక్కువగా చంకలో, అదనపు రొమ్ము కణజాలంగా మిగులుతుంది. చాలామందికి అక్కడ చనుమొన ఉండదు కనుక కొవ్వు అనుకుంటారు. కానీ అది రొమ్మే. నెలసరికి ముందు సలుపుతుంది, గర్భంతో ఉన్నప్పుడు ఉబ్బుతుంది, రొమ్ములో వచ్చే గడ్డలు అక్కడా వస్తాయి.

నేను పీజీ చదివే రోజుల్లో పత్తి ఏరే కూలికి వెళ్లే ఒక అమ్మాయి వచ్చింది. జాకెట్టు చంక కింద కుట్లు విప్పి, వేరే రంగు గుడ్డతో అతుకు వేసుకుంది. ఎక్కడో పరీక్ష లేకుండానే టీబీ బిళ్ల కట్టిందని చెప్పి నెలల తరబడి మందులు మింగించారు. చెయ్యి ఎత్తమంటే గోడవైపు తిరిగి ఎత్తింది. కుంకుడుకాయంత గట్టి గడ్డ నా వేలికింద జారిపోయింది. నేను కొవ్వు గడ్డ అని రాసేశాను. పక్కనున్న స్టాఫ్ నర్సు మాత్రం, "నెలసరికి ముందు పెరుగుతుందా అమ్మా?" అని అడిగింది. "పెరుగుతుంది, నొప్పి కూడా ఉంటుంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు" అని ఆ పిల్ల ఏడ్చింది. అడగనివారిలో నేనూ ఉన్నాను. అది నేటికీ నన్ను బాధిస్తుంది. అల్ట్రాసౌండ్, సూది పరీక్ష చేయిస్తే ఫైబ్రోఅడినోమా అని తేలింది. అది క్యాన్సర్ కాదు. చుట్టూ ఉన్న అదనపు కణజాలంతో సహా తీసేశాం.

అమ్మా, ఆ ప్రశ్న అడగగలిగినవారు మీరే. జబ్బుల ముప్పు తెలుసుకోవడానికి మీరు ఇంటింటా నింపే సీబ్యాక్ ఫారంలో "రొమ్ములో గడ్డ ఉందా" అనే చోట "చంకలో కూడానా" అని కలపండి. ఆ ఫారం 30 ఏళ్లు దాటినవారికి. ఈ గడ్డలు మాత్రం అంతకంటే చిన్న వయసువారిలోనే ఎక్కువ కనుక ఇంట్లో ఉన్న ఆడపిల్లనూ అడగండి. భయపెట్టవద్దు, అలాగని పరవాలేదని మీరే తేల్చి చెప్పవద్దు, ఎందుకంటే అరుదుగానైనా ఆ కణజాలంలో క్యాన్సర్ కూడా వస్తుంది. స్కానింగుకు పంపించండి. ఆపరేషన్ చేసినచోట, తీసిన ముక్కను బయాప్సీకి పంపారా లేదా అడిగి, ఆ రిపోర్టును ఆమె చేతికి ఇప్పించండి.