కుక్క మూత్రంలో క్రిస్టల్స్: ముందు సీసా సంగతి చూద్దాం

[దృశ్యం: ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుంది. పెరుగు గిన్నె పక్కన చిన్న ప్లాస్టిక్ డబ్బా.]

పోయిన ఎండాకాలం ఒంగోల్లో మా ఇంట్లో జరిగిన గొడవంతా ఈ డబ్బా గురించే. మా బుజ్జి ఆరేళ్ల ఆడ స్పిట్జ్. నిమిషానికోసారి కూర్చుంటోంది, వచ్చేది నాలుగు చుక్కలు. ఆఖరి చుక్కలో ఎరుపు. పొద్దున మూత్రం పట్టి, ఆఫీసు నుంచి వచ్చాక ల్యాబుకి ఇద్దామని ఫ్రిజ్‌లో పెట్టాను. అది చూసి మా అమ్మ ఇల్లు పీకి పందిరేసింది.

అమ్మ కోపం సరే, నేను చేసిన అసలు తప్పు వేరే. రిపోర్టులో "క్రిస్టల్స్ నిండుగా" అని వచ్చింది. క్రిస్టల్స్ అంటే మూత్రంలోని లవణాలు గట్టిపడి ఏర్పడే సన్నటి పలుకులు. మర్నాడు డాక్టరు అప్పటికప్పుడు తీసి మైక్రోస్కోపు కింద పెడితే క్రిస్టల్స్ అక్కడొకటి ఇక్కడొకటి. చీము కణాలు, బ్యాక్టీరియా మాత్రం బోలెడు.

మూత్రం చల్లబడినా, గంటలకొద్దీ నిలవున్నా, ఒంట్లో లేని క్రిస్టల్స్ సీసాలో పుడతాయి. అందుకే పట్టిన అరగంట, గంట లోపే చూడాలి. ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపేదైతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, క్రిస్టల్స్ లెక్కకే అది చేటు.

[తెర మీద: మూత్రాశయం బొమ్మ. లోపల సూక్ష్మజీవులు, చుట్టూ చిన్న పలకల్లాంటి క్రిస్టల్స్.]

ఇంకో మాట. ఏ జబ్బూ లేని కుక్క మూత్రంలోనూ కొన్ని క్రిస్టల్స్ కనిపిస్తాయి. వాటికి మందు అక్కర్లేదు. కుక్కల్లో ఎక్కువగా కనిపించేది స్ట్రువైట్ రకం. అది రాయిగా మారిందంటే మాత్రం వెనక దాదాపు ఎప్పుడూ ఇన్‌ఫెక్షనే ఉంటుంది. కొన్ని బ్యాక్టీరియా యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. దాంతో మూత్రం క్షారంగా మారుతుంది, పీహెచ్ 7 దాటుతుంది. అప్పుడు మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ జతకట్టి గడ్డకట్టి రాయవుతాయి. పిల్లుల్లో కథ వేరు, అక్కడ ఇన్‌ఫెక్షన్ లేకుండానే స్ట్రువైట్ వస్తుంది. కాబట్టి పక్కింటి పిల్లికి పనిచేసిన మేతని మీ కుక్కకి పెట్టేయకండి.

ఆడకుక్కలకి మూత్రనాళం పొట్టిది, వెడల్పు. క్రిములు తేలిగ్గా లోపలికి ఎక్కుతాయి. అందుకే ఇన్‌ఫెక్షన్లు వాటికే ఎక్కువ. మగకుక్కల్లో నాళం సన్నగా పొడుగ్గా ఉండి, అంగంలో ఎముక ఉన్నచోట ఇరుకవుతుంది. రాయి అక్కడ ఇరుక్కుంటుంది.

[దృశ్యం: కాలెత్తి ముక్కుతున్న మగకుక్క. కింద నేల పొడి.]

ఇక్కడ వీడియో ఆపి చూడండి. కుక్క ముక్కుతోంది, చుక్క రావడం లేదు, పొట్ట గట్టిగా ఉంది, వాంతులు అవుతున్నాయి. తెల్లారేదాకా ఆగొద్దు. మూత్రం బిగిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఆ రాత్రే డాక్టరు దగ్గరికి. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్ర వేయకండి, కుక్క మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మా వీధిలో ఒక పెద్దాయన కొండపిండి ఆకు కషాయం పట్టమన్నారు, ఇంకొకరు ఉలవకట్టు అన్నారు. మనుషులకు వాడే అలవాటు కదా, ప్రేమతోనే చెప్పారు. కానీ లోపల క్రిమి ఉండగా కషాయం పడితే రోజులు గడుస్తాయి తప్ప ఇన్‌ఫెక్షన్ పోదు.

కనిగిరి వైపు వాళ్లైతే నీళ్లదే తప్పంటారు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లకి చెడ్డపేరు ఊరికే రాలేదు, పళ్లకీ ఎముకలకీ చేటే. స్ట్రువైట్ రాయికి మాత్రం దోషి క్రిమే.

[తెర మీద: ఎక్స్‌రేలో మూత్రాశయంలో తెల్లని రాళ్లు.]

సూదితో మూత్రాశయంలోంచే మూత్రం తీసి కల్చర్‌కి పంపడం మంచి పద్ధతి. పేరు వింటే నాకూ టెన్షన్ వచ్చింది, బుజ్జి మాత్రం కదల్లేదు. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో అందులో తేలుతుంది. రక్తం ఆగిందని మధ్యలో మాత్ర మానేయకండి. నేను గతంలో ఒకసారి ఆ పని చేశాను, నెల తిరక్కుండా మళ్లీ మొదలైంది.

స్ట్రువైట్ రాయి కరుగుతుంది. యాంటీబయాటిక్‌తో పాటు డాక్టరు రాసే ప్రత్యేక ఆహారం వారాల తరబడి పెట్టాలి, మధ్యమధ్య ఎక్స్‌రే తీయించాలి. ఆ రోజుల్లో నెల్లూరు చేపల పులుసులోని ముక్క కూడా పెట్టకూడదు, చుట్టాలు ఎంత బతిమాలినా సరే. గుండెజబ్బు, ప్యాంక్రియాస్ వాపు ఉన్న కుక్కకి ఆ ఆహారం పనికిరాదు, ముందే చెప్పండి. కాల్షియం ఆక్సలేట్ రాయి మాత్రం ఏ తిండితోనూ కరగదు, ఎక్కువగా ఆపరేషనే. డాల్మేషియన్లకు పుట్టుకతోనే యూరేట్ అనే మరో రకం రాళ్ల బెడద ఉంటుంది. అవి మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడవు, స్కాన్ కావాలి.

ఇక నీళ్లు. రోహిణి కార్తెలో డాబా మీద గిన్నె పెడితే నీళ్లు కాగిపోతాయి, ఏ కుక్కా ముట్టదు. నీడలో రెండు మూడు చోట్ల మట్టి మూకుళ్లు పెట్టి, రోజూ కడిగి నింపండి. అన్నంలో గ్లాసు నీళ్లు ఎక్కువ కలపండి. ఉప్పు కలపకండి. ఎక్కువ తాగాలని కొందరు కలుపుతుంటారు. రోజుకి నాలుగుసార్లైనా బయటికి తిప్పండి, ఫ్లాట్లలో పన్నెండు గంటలు బిగబట్టే కుక్కలు బోలెడు. రిపోర్టులో స్పెసిఫిక్ గ్రావిటీ అని ఉంటుంది, మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె అది, రాళ్లొచ్చిన కుక్కకి అది 1.020 లోపు ఉండేలా చూసుకోండి.

ఏడాదిలో మూడుసార్లు ఇన్‌ఫెక్షన్ తిరగబెడితే షుగర్, హార్మోన్ పరీక్షలు చేయించమని అడగండి. బుజ్జికి అవన్నీ బాగానే వచ్చాయి. ఇప్పుడు దాని మూత్రం పట్టగానే నేరుగా బండెక్కి ల్యాబుకి వెళ్తున్నాను. అమ్మ అయినా రోజూ పొద్దున్నే ఫ్రిజ్ వెతుకుతోంది.