‘బోయ్’ అంటే వెళ్తున్నాను

శ్రోతలందరికీ నమస్కారం.

స్పానిష్‌లో ‘ఈర్’ అనే క్రియ ఉంది. వెళ్ళడం అని అర్థం. రాస్తే రెండే అక్షరాలు. కానీ ‘నేను వెళ్తున్నాను’ అనాలంటే ‘బోయ్’ అనాలి. ‘వెళ్ళాను’ అంటే ‘ఫుయి’. ‘వెళ్తూ ఉండేవాణ్ణి’ అంటే ‘ఈబా’. ఈ రూపాలన్నీ పట్టికగా రాసుకుని నేను వారం రోజులు బట్టీ పట్టాను. తీరా మాట్లాడవలసి వచ్చేసరికి నోరు పెగల్లేదు.

ఈ రూపాలు ఒక తల్లి బిడ్డలు కావు. లాటిన్‌లో వెళ్ళడానికి ‘ఈరే’, ‘వాదెరే’ అని రెండు వేర్వేరు క్రియలుండేవి. ‘ఈబా’ మొదటిదాని నుంచి, ‘బోయ్’ రెండోదాని నుంచి వచ్చాయి. ‘ఫుయి’ అయితే ‘ఉండు’ అనే క్రియ నుంచి తెచ్చుకున్నది. అందుకే ‘ఫుయి మేదికో’ అంటే ‘నేను వైద్యుడిగా ఉండేవాణ్ణి’, ‘ఫుయి అల్ మేదికో’ అంటే ‘వైద్యుడి దగ్గరికి వెళ్ళాను’. తేడా అంతా మధ్యనున్న ఆ చిన్న ‘అల్’లోనే ఉంది.

ఇది విని బెదిరిపోకండి. మన ‘వచ్చు’ను చూడండి. వస్తాను, వచ్చాను అంటాం. పిలిచేటప్పుడు మాత్రం ‘రా’, కాదనేటప్పుడు ‘రాలేదు’. ఆ ‘వ’ ఏమైపోయిందని ఏ తెలుగు పిల్లవాడూ అడగడు. పట్టిక చూసి కాదు, అమ్మ నోటి వాక్యాలు విని నేర్చుకున్నాడు కనుక. ‘ఈర్’ను కూడా అలాగే, నిండు వాక్యాలుగానే నేర్చుకోవాలని నా గట్టి నమ్మకం.

మొదటి వాక్యంగా ‘బోయ్ ఆ కొమేర్’ను ఎంచుకోండి. మాటకు మాటగా చూస్తే ‘తినడానికి వెళ్తున్నాను’. వాడుకలో మాత్రం ‘తినబోతున్నాను’ అని, కూర్చున్న చోటు నుంచి కదలకపోయినా సరే. మన ‘తినబోతున్నాను’లో ఉన్నది కూడా ‘పోవు’ అన్న క్రియే కదా! జరగబోయేదాన్ని చెప్పడానికి రెండు భాషలూ నడకనే ఆశ్రయించాయి. ఇది గమనించిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ‘బోయ్ ఆ’ తరువాత ఏ క్రియనైనా మార్పు లేకుండా పెట్టేయవచ్చు. ‘బోయ్ ఆ దోర్మీర్’ అంటే పడుకోబోతున్నాను.

మర్యాద దగ్గర మాత్రం జాగ్రత్త. మనం ‘మీరు వెళ్తారు’ అని బహువచనం వాడతాం. స్పానిష్‌లో గౌరవంగా ‘ఉస్తేద్ బా’ అంటారు. ‘అతను వెళ్తాడు’ అనడానికి వాడే ‘బా’నే అది.

‘వెళ్ళు’కూ ‘వెళ్ళిపో’కూ మనకున్న తేడా వాళ్ళకూ ఉంది. ‘బోయ్’కి ముందు ‘మే’ చేర్చి ‘మే బోయ్’ అంటే ‘ఇక్కడి నుంచి వెళ్ళిపోతున్నాను’ అని.

తెలుగువాళ్ళం తప్పకుండా తడబడే చోటు మరొకటి ఉంది. వంటింట్లోంచి ఎవరైనా భోజనానికి పిలిస్తే మనం ‘వస్తున్నా’ అంటాం. స్పానిష్‌వాళ్ళు ‘బోయ్’ అంటారు, అంటే ‘వెళ్తున్నా’ అని! మనం పిలిచినవారి వైపు నుంచి చూస్తాం, వాళ్ళు తామున్న చోటు నుంచి చూస్తారు. ఇది అలవాటు కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే ముందు ‘వస్తున్నా’కు సరిపోయే ‘బెంగో’ అనే మాటే నాలుక చివరికి వస్తుంది.

ఇక సెలవు. వెళ్ళొస్తాను. మే బోయ్.