రాని డబ్బుకు కట్టిన పన్ను

శ్రోతలకు నమస్కారం.

చీమకుర్తిలోని ఒక పాలిషింగ్ యూనిట్ నెల్లూరులోని రాళ్ల దుకాణానికి అయిదు లక్షల రూపాయల గ్రానైట్ పలకలు అరువు మీద పంపిందనుకుందాం. జీఎస్టీ 18 శాతం, అంటే 90,000. బిల్లు మొత్తం 5,90,000. లారీ వెళ్లింది, సరుకు దిగింది, డబ్బు మాత్రం రాలేదు. ఫోను చేస్తే ‘పండగ వెళ్లనివ్వండి సార్’ అంటారు. పండగ వెళ్తుంది, ఇంకో పండగ వస్తుంది. ఈలోగా మరుసటి నెల 20వ తేదీ ముంచుకొస్తుంది. నెలనెలా వేసే జీఎస్టీ 3బీ రిటర్న్‌లో ఆ 90,000 చూపి కట్టవలసిందే. సరుకు మీద జీఎస్టీ బాధ్యత బిల్లుతోనే పుడుతుంది. డబ్బు చేతికి అందిందా లేదా అని చట్టం అడగదు.

ఆ బాకీ ఇక రాదని తేలిపోతే, కట్టిన పన్నైనా తిరిగి వస్తుందా? రాదు. కొందరు క్రెడిట్ నోట్, అంటే పాత బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం, ఒకటి రాసేసి, తరువాతి రిటర్న్‌లో ఆ మేరకు పన్ను తగ్గించుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. సరుకు వెనక్కి వచ్చినా, నాసిరకమని తేలినా, బిల్లులో ధరో పన్నో ఎక్కువ పడినా జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ కింద క్రెడిట్ నోట్ ఇవ్వవచ్చు. కొన్నవారు డబ్బు ఎగ్గొట్టడం అందులో లేదు. పలకలు పగిలి నిజంగానే తిరిగి వచ్చాయా? అయితే సరుకు అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోగా నోట్‌ను రిటర్న్‌లో చూపాలి. వార్షిక రిటర్న్ అంతకుముందే వేస్తే గడువు ఆ రోజుతోనే సరి.

బ్రిటన్ వ్యాట్‌లో బాకీ ఆరు నెలలు దాటి, పుస్తకాల్లో కొట్టివేస్తే, అమ్మినవారు కట్టిన పన్ను తిరిగి పొందవచ్చు. మన చట్టంలోనూ 180 రోజుల లెక్క ఉంది, కాని అది కొన్నవారి మెడకు చుట్టుకుంటుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే, వారు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే ఆ కొనుగోలు మీది పన్నును తాము కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకున్న మొత్తాన్ని, వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలి. అమ్మినవారి పన్ను ఖజానాలోనే ఉంటుంది, కొన్నవారి క్రెడిట్టూ ఖజానాకే చేరుతుంది. ఇదేం న్యాయమో నాకు అంతుపట్టదు.

అయినా వసూలుకు ఈ నిబంధనే మంచి ఆయుధం. అయిదో నెలలోనే ఉత్తరం రాయండి: ఫలానా బిల్లు, ఫలానా తేదీకి 180 రోజులు నిండుతాయి, ఆలోగా చెల్లించకపోతే మీ 90,000 క్రెడిట్ పోతుంది అని. బతిమాలితే కదలనివారిని వారి ఆడిటర్ కదిలిస్తాడు. సగం చెల్లిస్తే మిగతా సగానికే క్రెడిట్ పోతుంది. తరువాత పూర్తిగా కట్టినప్పుడు మళ్లీ తీసుకోవచ్చు. అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి అసలు క్రెడిట్టే ఉండదు కాబట్టి ఈ ఉత్తరం వారి మీద పనిచేయదు.

కోస్తా మండలాల్లో రొయ్యల మేత పట్టుబడి దాకా అరువుకే ఇస్తారు. ఆ మేత మీద జీఎస్టీ లేదు. చెరువుకు తెల్లమచ్చ తెగులు వస్తే డీలరుకు మునిగేది అసలు మాత్రమే.

ఆదాయపు పన్ను దగ్గర కొంత ఊరట ఉంది. అమ్మకాన్ని ఇదివరకే ఆదాయంగా చూపి ఉంటే, రాని బాకీని పుస్తకాల్లో కొట్టివేసిన ఏడాది ఖర్చుగా చూపవచ్చు. రాదని రుజువు చేయనక్కరలేదు, కొట్టివేస్తే చాలునని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ‘రావచ్చేమో’ అని పద్దు అలాగే ఉంచితే మాత్రం ఆ మినహాయింపు దక్కదు.

చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులు ఇంకో తలుపూ తట్టవచ్చు. వారికి 45 రోజులకు మించి డబ్బు ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి చట్టం చెబుతోంది. సరుకు కొని అమ్మే వర్తకులకు ఈ సౌకర్యం వర్తించదు.

కోర్టుకు వెళ్లాలంటే సాధారణంగా మూడేళ్లే గడువు. అది దాటకముందే బాకీ ఉన్నట్టు కొన్నవారి చేత రాతపూర్వకంగా సంతకం చేయించుకోండి. సంతకం పెట్టిన తేదీ నుంచి మరో మూడేళ్లు లెక్కకు వస్తాయి.